పేరిందేవి ఇంట్లో ఊరి గిన్నెలు

దుప్పటి కప్పుకున్నావా బుజ్జీ? కాళ్ళు లోపలికి ముడుచుకో. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నువ్వు ఊఁ కొట్టడం ఆపితే నేనూ కథ ఆపేస్తాను, అంతే.

అనగనగా ఏటి పక్కన ఒక ఊళ్ళో పన్నెండంటే పన్నెండే ఇళ్ళు. పదమూడో ఇల్లు ఒకటి ఉంది గానీ దానికి ఎప్పుడూ తాళమే. ఆ ఊరి పేరు రెల్లుపాలెం. వానలు వెనకబట్టి, కప్పల గోల సద్దుమణిగి, ఏటి ఒడ్డున రెల్లు తెల్లగా పూసిందంటే చాలు, అంత అందమైన ఊరు భూమ్మీద ఇంకోటి లేదని ఆ ఊరివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. పక్క ఊరివాళ్ళని అడిగితే వాళ్ళ ఊరి పేరు చెబుతారనుకో. అది వేరే సంగతి.

ఆ ఊళ్ళో వంట కుండల్లో, తిండి ఆకుల్లో. ఇత్తడి గిన్నెలు మాత్రం ఇంటికి రెండేసి ఉండేవి. అవి దేనికంటే, ఒక ఇంట్లో వండిన కూర ఇంకో ఇంటికి పట్టుకెళ్ళడానికి. ఎప్పుడో ఒక కంచరి వచ్చి, వేసవంతా అక్కడే మకాం పెట్టి, పన్నెండు ఇళ్ళకీ ఒకే కొలతన, ఒకే తీరున గిన్నెలు చేసి ఇచ్చి వెళ్ళాడు. రెండు గిన్నెలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం ఆ కంచరి తరం కూడా కాదు.

ఆ గిన్నెలకి రెండు మర్యాదలు ఉండేవి. కూర వచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. గుప్పెడు చిక్కుడుకాయలో, చిన్న బెల్లం ముక్కో, ఏదైనా సరే. ఇది మొదటిది. రెండోది ఏంటంటే, ఇచ్చినవాళ్ళు మా గిన్నె ఏదీ అని ఎప్పుడూ అడగకూడదు. అడిగితే పెట్టిన కూర మీద దెప్పినట్టు. రెండూ మంచి మర్యాదలే. కాకపోతే ఒక ఏడాది అవి రెండూ సందులో ఎదురెదురుగా వచ్చిన ఎడ్లబళ్ళలా ఇరుక్కుపోయాయి. అదే మన కథ.

ఆ ఏడాది శ్రావణ మాసంలో ఏటికి పెద్ద వరద వచ్చింది. రెల్లుపాలెం ఎత్తు మీద ఉంది కాబట్టి బతికిపోయింది. దిగువన ఉన్న లంక ఊరు మాత్రం కొట్టుకుపోయింది. ఆ లంకలో పేరిందేవి అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఒక మట్టిల్లు, ఒక ఆవు, పెరట్లో బోలెడు కూరగాయలు. ఆ పేరిందేవి చేతికి ఎముక లేదు. ఎవరైనా ఒక చెంచాడు పచ్చడి పంపిస్తే గిన్నె నిండా గుమ్మడికాయ ముక్కలు పోసి, పైన ఇంత బెల్లం పెట్టి పంపించేది. ఇవ్వడం తప్ప పుచ్చుకోవడం ఎరగదు. అదే ఆవిడ గొప్ప, కొంచెం గర్వం కూడాను.

వరదలో ఇల్లు పోయింది, ఆవు పోయింది, పెరడు పోయింది. కట్టుబట్టలతో, ఒక మట్టికుండతో పేరిందేవి రెల్లుపాలెం చేరింది. ఆ తాళం వేసిన ఇల్లు పేరిందేవి అక్కది, ఆవిడ ఎప్పుడో చనిపోయింది. ఊరివాళ్ళు తాళం తీసి, బూజు దులిపి, ఉండమన్నారు.

అప్పుడు మొదటి రోజు సాయంత్రం ఎదురింటి సూరమ్మ వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, మాట చింతకాయంత పులుపు. చేతిలో ఇత్తడి గిన్నె, గిన్నెలో ముద్దపప్పు, పక్కన ఒక ఆవకాయ ముక్క. వేడిగా ఉండగానే తినమంది. చల్లారాక తిని బాగాలేదంటే తన పరువు పోతుందంది. ఇంకో మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

పేరిందేవి తింది. వరద వచ్చిన తర్వాత మొదటిసారి తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయింది.

పొద్దున్నే గిన్నెని తళతళలాడేటట్టు తోమింది. ఇచ్చి వద్దామని గుమ్మం దిగింది. అప్పుడు గిన్నెలోకి చూసుకుంది. ఖాళీ. వెనక్కి వచ్చి ఇల్లంతా వెతికింది. ఉప్పురాయి కూడా లేదు. సరే, రేపు ఏదైనా వేసి ఇద్దాంలే అని గిన్నెని గూట్లో పెట్టింది.

రెండో రోజు పక్కింటి బుచ్చెమ్మ మజ్జిగ పులుసు పట్టుకొచ్చింది. మూడో రోజు మూడిళ్ళ అవతల కొత్త కోడలు కనకరత్నం జొన్న సంకటి పట్టుకొచ్చింది. గూట్లో గిన్నెలు మూడయ్యాయి.

ఏటి ఒడ్డున రెల్లుపూలు ఉన్నాయిగా, నాలుగు కోసి వేసి ఇచ్చేస్తే పోయేదిగా అంటావు. నేనూ అదే అంటాను. కానీ పేరిందేవి అలా అనుకోలేదు. కమ్మటి ముద్దపప్పు తెచ్చిన గిన్నెలో గడ్డిపూలు వేసి ఇస్తానా, నేను పేరిందేవిని కానా అనుకుంది. గర్వం అన్నానుగా. ఇల్లు కొట్టుకుపోయినా అది మాత్రం కొట్టుకుపోలేదు.

ఇంక అవతలివాళ్ళ సంగతి విను. గిన్నె రాలేదేమని సూరమ్మ అడగలేదు. బుచ్చెమ్మా అడగలేదు. ఇంకా కుదుటపడలేదు పాపం, పొయ్యి కూడా వెలిగించడం లేదేమో అనుకున్నారు. అనుకుని, ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే ఇంకో గిన్నెలో ఇంకో కూర పంపించారు. గిన్నె తిరిగి రాకపోయేకొద్దీ జాలి ఎక్కువైంది. జాలి ఎక్కువయ్యేకొద్దీ గిన్నెలు ఎక్కువయ్యాయి. పేరిందేవికి తిండి దొరికినందుకు సంతోషం, గిన్నె వచ్చినందుకు దిగులు. రెండూ ఒకే ముద్దలో మింగేది.

అయితే ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చుందనుకోకు. భాద్రపదం వచ్చింది. కొండవాలున సీతాఫలాలు కళ్ళు విప్పాయి. ఒకరోజు పొద్దున్నే వెళ్ళి, ముళ్ళు గీసుకుంటున్నా లెక్కచెయ్యకుండా ఒడి నిండా కోసుకొచ్చింది. గడ్డిలో మాగబెట్టింది. గిన్నెకి రెండేసి పళ్ళు వేసి ఇవ్వాలని ఎంత సంబరపడిందో. మూడో రోజుకి ఇల్లంతా వాసన గుమ్మెత్తిపోయింది. ఆ వాసన మనుషుల కంటే ముందు కోతులకి తెలిసింది. ఆవిడ ఏటినుంచి నీళ్ళు తెచ్చుకునేసరికి గడ్డి చెల్లాచెదురుగా ఉంది, ఇంటి నిండా నల్లటి గింజలు ఉన్నాయి.

ఆ తర్వాత పెరట్లో తోటకూర విత్తనాలు చల్లింది. మొలకలు లేచాయి, ఆకు వేశాయి, బెత్తెడు ఎత్తు పెరిగాయి. రేపు కోసి మొదటి కట్ట బుచ్చెమ్మ గిన్నెలో వేసి ఇద్దామనుకుంది. ఆ మధ్యాహ్నమే బుచ్చెమ్మ పెయ్య తాడు తెంపుకుని వచ్చి మడి మొత్తం మేసి పోయింది. బుచ్చెమ్మ గిన్నెలో వెయ్యాల్సింది బుచ్చెమ్మ పెయ్య కడుపులోకే పోయింది. నవ్వకు, ఆవిడకి ఎంత ఏడుపొచ్చిందో. పోనీ వెళ్ళి చెబుదామా అంటే, దెప్పినట్టు ఉంటుందని చెప్పలేదు.

ఆ తర్వాత మూడోసారి, ఒక రైతు ఇంట్లో రోజంతా వడ్లు దంచి నూకలు కూలిగా తెచ్చుకుంది. వాటితో ఉండ్రాళ్ళు చేసింది, గుండ్రంగా, ముద్దుగా. గిన్నెలో సర్దుకుని గుమ్మం దిగబోతూ ఉంటే వీధిలో ఒక మనిషి కనిపించింది. చంకలో పిల్ల, పాదాల నిండా దుమ్ము. ఆవిడా లంక మనిషే. వరదకి ఇల్లు పోయి నడుచుకుంటూ పుట్టింటికి పోతోంది. పిల్ల ఆ ఉండ్రాళ్ళ వంకే చూస్తోంది. ఇంకేముంది, పేరిందేవి గిన్నె మొత్తం వాళ్ళ కొంగులో బోర్లించేసింది. పిల్ల తింటూ ఉంటే చూసి పొంగిపోయింది. వాళ్ళు మలుపు తిరిగాక చేతిలో గిన్నె చూసుకుంది. మళ్ళీ ఖాళీ.

ఇలా ఒకటి కాదు, మూడు సార్లు అయింది. అప్పటికి గూట్లో గిన్నెలు పద్దెనిమిది.

రోజూ సాయంత్రం పేరిందేవి ఆ గిన్నెలన్నీ వరసగా కింద పెట్టుకుని చింతపండుతో తోమేది. తోమే ప్రతి గిన్నెకీ ఇది ఎవరు తెచ్చారు, ఏం తెచ్చారు, ఆ రోజు తన మనసు ఎలా ఉంది అని తలుచుకునేది. తలుచుకుని మళ్ళీ అదే వరసలో గూట్లో పెట్టేది. ఇవ్వలేకపోతున్నానే అన్న బాధ ఎంత ఉన్నా, ఆ కాసేపూ ఆవిడకి హాయిగా ఉండేది.

నిజం చెప్పాలంటే పేరిందేవికి ఆ ఊరు బాగా నచ్చింది. పొద్దున్నే బుచ్చెమ్మ గోడ మీంచి పిలిచేది, ఏటికి వస్తున్నావా అని. అందరూ కలిసి బిందెలు పట్టుకుని వెళ్ళేవాళ్ళు. దారి పొడుగునా తూనీగలు. నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని పనికిరాని కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళు. సాయంత్రం సూరమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలిచేవాళ్ళు. సూరమ్మ తిట్టని మనిషి ఉండేది కాదు, ఆ తిట్లకి నవ్వని మనిషీ ఉండేది కాదు. ఇంతకంటే మనిషికి ఏం కావాలి అనుకునేది పేరిందేవి. ఇక్కడే ఉండిపోవాలి, చచ్చేదాకా ఈ అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తూ ఉండాలి అనుకునేది.

అలా ఉండగా ఒకరోజు కాస్త ఆలస్యంగా ఏటికి బయల్దేరింది. రెల్లు పొదల అవతల ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. బుచ్చెమ్మ అంటోంది, ఆవిడ మన గిన్నెలు పోగేస్తోందే, ఏదో ఒకరోజు మూటగట్టుకుని చెక్కేస్తుంది చూడండి అని. ఎవరో కిసుక్కున నవ్వారు.

పేరిందేవికి తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఎవరేమన్నారో వినలేదు. నీళ్ళు ముంచుకోకుండానే వెనక్కి తిరిగింది.

ఆ రోజునుంచి ఏటికి ఒక్కతే, అందరూ వచ్చేశాక వెళ్ళేది. అరుగు దగ్గరికి పోవడం మానేసింది. బుచ్చెమ్మ గోడ మీంచి పిలిస్తే ఒంట్లో బాగాలేదనేది. ఇంకేం, ఒంట్లో బాగాలేదని తెలిసి ఇంకో అయిదు గిన్నెలు వచ్చాయి.

ఆశ్వయుజం వచ్చింది. ఆ ఊళ్ళో ఒక పండగ ఉంది, తేటనీళ్ళ భోజనాలు అంటారు. వరద నీళ్ళు ఎర్రగా వచ్చి, పోయి, మోకాటి లోతు నీళ్ళల్లో అడుగున గులకరాయి కనబడేంత తేటగా ఏరు తేరుకున్న రోజున ఆ పండగ. ప్రతి ఇంటివాళ్ళూ ఒక కూర వండి, గిన్నెలో పెట్టుకుని ఏటి ఇసుకలోకి వెళతారు. అందరూ వరసగా కూర్చుని అందరి కూరలూ అందరూ తింటారు. బతికి బాగున్నాం, పక్కన మనుషులున్నారు, అందుకని. అంతకంటే ఆ పండక్కి పూజ లేదు, మంత్రం లేదు.

పండగ ముందు రోజు సాయంత్రం సూరమ్మ మళ్ళీ వచ్చింది. చేతిలో పాలు పోసి వండిన ఆనపకాయ కూర. గిన్నె అందిస్తూ, రేపు ఏటికి నువ్వూ రావాలి, రాకపోతే నేనే వచ్చి జుట్టు పట్టుకుని లాక్కుపోతాను అంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అది ఇరవై నాలుగో గిన్నె. ఊరి మొత్తానికి ఉన్నవే ఇరవై నాలుగు.

రేపు పండక్కి ఏ కూర పట్టుకెళ్ళాలి, ఏ మొహం పెట్టుకుని ఆ వరసలో కూర్చోవాలి? పేరిందేవికి దారి దొరకలేదు. చివరికి గుండె రాయి చేసుకుంది. రేపు అందరూ ఏటికి వెళ్ళాక గిన్నెలన్నీ అరుగు మీద పేర్చి, తలుపు దగ్గరగా వేసి, ఈ ఊరు విడిచి వెళ్ళిపోదామనుకుంది. ఎక్కడికి? అది ఆవిడకీ తెలియదు.

తెల్లారింది. పన్నెండు ఇళ్ళల్లోనూ కూరలు ఘుమఘుమలాడాయి. అప్పుడు బుచ్చెమ్మ తన ఇంటి గూట్లో గిన్నె కోసం చెయ్యి పెట్టింది. లేదు. మనవి రెండూ పేరిందమ్మ దగ్గరే ఉన్నాయిగా, పోనీలే, పక్కింట్లో ఒకటి అడుగుదామని వెళ్ళింది. పక్కింటావిడ అప్పటికే ఆ పక్కింటికి వెళ్ళింది. ఆ పక్కింటావిడ కనకరత్నం వాళ్ళింటికి వెళ్ళింది. కనకరత్నం సూరమ్మ ఇంటికి వచ్చి నిలబడింది. సూరమ్మ ఇంట్లోనూ గిన్నె లేదు. పేరిందేవి దగ్గర కొన్ని ఉన్నాయని తెలుసు గానీ, ఊరి గిన్నెలన్నీ అక్కడే ఉన్నాయని ఎవరూ అనుకోలేదు. తిరిగి తిరిగి పన్నెండు మంది ఆడవాళ్ళూ వీధి మధ్యలో ఒకరికొకరు ఎదురుపడ్డారు. ముక్కున వేలేసుకుని, అందరూ కలిసి పేరిందేవి గుమ్మం వంక చూశారు.

తలుపు తోసేసరికి పేరిందేవి చంకలో చిన్న మూట ఉంది. గూట్లో ఇరవై నాలుగు గిన్నెలు పెళ్ళివారింట్లోలా మెరిసిపోతున్నాయి.

బుచ్చెమ్మకి కోపం ఆగలేదు. "చూశారా, నేను చెప్పలేదూ? మూట కట్టేసింది" అంది.

పేరిందేవి మూట కింద పెట్టి విప్పింది. అందులో వచ్చిన రోజు కట్టుకున్న పాత చీర ఒకటి ఉంది, అంతే.

"గిన్నెలు తీసుకుపోవడానికి కాదు వదినా, గిన్నెలు వదిలి పోవడానికి. మీరంతా ఇన్ని పెట్టారు. ఒక్కదాంట్లో కూడా వేసి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఖాళీ గిన్నె చేతికి ఇవ్వడం నాకు చేతకాలేదు" అంది. అన్నాక ఏడుపు వచ్చేసింది. నెలన్నర నుంచి ఆపుకున్న ఏడుపు కదా.

సూరమ్మ ఊరుకుంటుందా? పేరిందేవిని తిట్టింది, నోరు విప్పి ఒక్క మాట చెబితే అరిగిపోతావా అని. ఆ తర్వాత మిగతావాళ్ళని తిట్టింది, నోరు విప్పి ఒక్క మాట అడిగితే అరిగిపోతారా అని. ఆ వరసలో తనని తాను కూడా తిట్టుకుంది. అందరూ తలలు దించుకున్నారు.

కానీ ఎండెక్కుతోంది, కూరలు చల్లారిపోతున్నాయి. ఎవరి గిన్నెలు వాళ్ళు తీసుకోండి అంది సూరమ్మ. అంతే, అందరూ గూటి మీద పడ్డారు. గిన్నెలన్నీ అరుగు మీదికి తెచ్చేసరికి వరస పోయింది, అన్నీ కలిసిపోయాయి. ఇది నాదంటే నాదని ఇద్దరు ఒకే గిన్నె పట్టుకున్నారు. మా అత్తగారి చేతి గిన్నె బరువుగా ఉంటుందని ఒకావిడ అన్నీ ఎత్తి ఎత్తి చూస్తోంది. మాది ఇంకా బాగా మెరిసేదని ఒకావిడ. నీదెప్పుడు మెరిసిందే అని ఇంకో ఆవిడ. పండగ పూట వీధిలో పెద్ద గొడవైపోయేలా ఉంది.

అప్పుడు పేరిందేవి కళ్ళు తుడుచుకుని ముందుకి వచ్చింది. "ఒక్క క్షణం అన్నీ కింద పెట్టండి. నేను చెబుతాను" అంది.

నెలన్నర రోజులు రోజూ తోమిన చెయ్యి కదా. ఏ గిన్నెకి ఎక్కడ చిన్న నొక్కు ఉందో, ఏ అంచు ఎక్కడ కాస్త వంగిందో ఆ వేళ్ళకి తెలుసు. ఒక గిన్నె చేతిలోకి తీసుకుని తడిమి, బుచ్చెమ్మ చేతిలో పెట్టింది.

"ఇది నీ మజ్జిగ పులుసు వదినా. నేను వచ్చిన రెండో రోజు. మెంతులు ఎక్కువయ్యాయని గుమ్మంలోనే బాధపడ్డావు. మా అమ్మ పులుసులోనూ మెంతులు ఎక్కువే. ఆ పూట మా అమ్మ దగ్గర కూర్చుని తిన్నట్టు తిన్నాను."

బుచ్చెమ్మ గిన్నె వంక చూసింది. ఆ పులుసు సంగతి తనకి గుర్తే లేదు. మూట అన్న మాట గుర్తొచ్చి మొహం చెల్లక కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత ఇంకో గిన్నె తీసుకుని కనకరత్నం చేతిలో పెట్టింది. ఆ రోజు సంకటి అడుగంటింది, అత్తగారికి కనబడకుండా ఆ మాడుముద్ద తెచ్చి తనకి పెట్టిందని చెప్పింది. ఆ మాడు వాసనకి నవ్వొచ్చిందట. వరద వచ్చాక తను మొదటిసారి నవ్వింది ఆ పూటేనట. కనకరత్నం అత్తగారు పక్కనే ఉంది. కోప్పడదామనుకుని, తనూ నవ్వేసింది.

ఆ తర్వాత మూడో గిన్నె. వీధి చివరింటి సుభద్రమ్మ అందరికీ వెనకాల నిలబడి ఉంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషి. పేరిందేవి అక్కడిదాకా నడిచి వెళ్ళింది.

"సుభద్రత్తా, ఇది నీ మిరియాల చారు. నాకు జ్వరం వచ్చిన రోజున. తలుపు కొట్టలేదు, పిలవలేదు, అరుగు మీద పెట్టి వెళ్ళిపోయావు. ఎవరు పెట్టారో తెలియదనుకున్నావు కదూ. నీ గాజుల చప్పుడు విన్నాను. ఆ చప్పుడు విన్నాక, ఈ ఊళ్ళో నేను చావను అనుకున్నాను."

సుభద్రమ్మ గిన్నెతో పాటు పేరిందేవి చేతులు కూడా పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు.

అలా ఒక్కొక్క గిన్నె. గుమ్మడికాయ పులుసు తెచ్చింది ఎవరు, ఉలవచారు తెచ్చింది ఎవరు, వేడన్నంలో పెరుగు కలిపి తెచ్చింది ఎవరు, అన్నీ చెప్పింది. ఆ పూట వానొచ్చిందా, ఎండ కాసిందా, తెచ్చిన మనిషి ఏమందో, అదీ చెప్పింది. పెట్టినవాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు. తిన్న మనిషి ఒక్క మెతుకు మర్చిపోలేదు. గిన్నె అందుకున్న ప్రతి మనిషీ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది, నిండుగా ఉన్నదాన్ని ఒలక్కుండా పట్టుకున్నట్టు. లోపల ఏమీ లేదు, బుజ్జీ. అయినా ఎవ్వరికీ ఖాళీ గిన్నె అందినట్టు లేదు.

ఇరవై రెండు గిన్నెలు అయిపోయాయి. ఇరవై మూడోది సూరమ్మకి ఇచ్చింది. మొదటి రోజు ముద్దపప్పు, ఆవకాయ ముక్క, ఆ తర్వాత తెల్లారేదాకా పట్టిన నిద్ర. సూరమ్మ ముక్కు చీదుకుంది. చలిగాలి తగిలిందంది. ఆ పొద్దున చలీ లేదు, గాలీ లేదు.

ఇంక అరుగు మీద ఒక్కటే మిగిలింది. ఇంటికి రెండు చొప్పున అందరికీ అందాయి. సూరమ్మకే ఒకటి అందింది. పేరిందేవి ఆ గిన్నె తీసుకుని, పిన్నీ ఇది నిన్న సాయంత్రం నువ్వు, అని మొదలుపెట్టింది.

సూరమ్మ మాట పూర్తి కానివ్వలేదు. "నాది నాకు వచ్చేసింది. అది నాది కాదు" అంది.

బుచ్చెమ్మ లెక్క చెప్పబోయింది. కనకరత్నం ఆవిడ చెయ్యి మెల్లగా గిల్లింది. బుచ్చెమ్మ ఒకసారి సూరమ్మ మొహం చూసి, నాది కూడా కాదు అంది. నాదీ కాదు, నాదీ కాదు అని పన్నెండు మందీ అన్నారు. పన్నెండు మందికీ అది ఎవరిదో తెలుసు.

పేరిందేవికీ తెలుసు. అంచు కింద గోరంత నొక్కు, నిన్నటి పాల వాసన, ఆ తడి చేతులు, అన్నీ తెలుసు. ముందటి పేరిందేవి అయితే ఊరుకునేదా? వద్దు వద్దంటూ సూరమ్మ వెనకాల పరిగెత్తి, ఆ గిన్నె ఆవిడ గూట్లో పెట్టి వచ్చేదాకా నిద్రపోయేది కాదు. నాకెందుకు, నేను పుచ్చుకోను అనేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

రాళ్ళు మొయ్యడం కష్టం కాదు, బుజ్జీ. మనకి ప్రేమగా ఇచ్చినదాన్ని మాట్లాడకుండా తీసుకోవడం, అది కష్టం. పేరిందేవి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"అయితే ఇది నాదే, పిన్నీ" అంది.

"మరి నీ గిన్నె నువ్వు తీసుకోవడానికి ఇంతసేపా?" అంది సూరమ్మ. "పదండి, అక్కడ అన్నాలు చల్లారిపోతున్నాయి."

అందరూ కూరలు గిన్నెల్లో పెట్టుకుని బయల్దేరారు. పేరిందేవి గిన్నెలో ఏమీ లేదు. ఏదైనా వేసుకుంటావా అని ఎవరూ అడగలేదు, ఆవిడా అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ ఖాళీ గిన్నె పట్టుకుని వీధిలో నడవని మనిషి, ఆ పూట పన్నెండు మంది మధ్యలో, దాన్ని నడుముకి ఆనించుకుని, తల ఎత్తుకుని రెల్లుపూల మధ్య నుంచి ఏటికి నడిచింది.

పదమూడు గడపల ఊరు, తెలిసిందా? అప్పటినుంచి ఆ ఊళ్ళో ఎవరైనా లెక్క అడిగితే పదమూడు అనే చెబుతారు.

ఊఁ కొట్టడం లేదు. నిద్రొచ్చేసిందా, అప్పుడే?

గిన్నె చేరింది ఇంటికి,
కునుకు చేరింది కంటికి,
కథ పోయింది కంచికి,
కథ విన్న బుజ్జి మంచానికి.